అరలో అయిదు ఆటలకే చోటుంటే ఏవి ఉంచుకోవాలి?

అరసవల్లి రోడ్డు (శ్రీకాకుళం):

వచ్చే నెలలో మేము ఊళ్లోనే మరో చిన్న అద్దె ఇంటికి మారుతున్నాము. అక్కడ నా రోల్‌ప్లేయింగ్ ఆటల (బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా కథ నడిపే ఆటల) పుస్తకాలకు దక్కేది గోడలో ఉన్న ఒకే ఒక అర. అట్టపెట్టెల్లో కట్టి అటక మీద పడేసిన పుస్తకాలు ఈ సముద్రపు తేమకు ఏమవుతాయో మన జిల్లాలో పుస్తకాలు కొనే వారందరికీ తెలుసు. అందుకని అరలో పట్టనివాటిని ఆడుకునేవారికి ఇచ్చేయాలని నిశ్చయించుకున్నాను. కొలిచి చూస్తే ఇంచుమించు అయిదు ఆటలకు చోటుంది.

ఇప్పుడు నా దగ్గర ఉన్నవి ఇవి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదవ ఎడిషన్‌లో 2014 నాటి మూడు ప్రధాన గ్రంథాలు, పాత్‌ఫైండర్ రెండవ ఎడిషన్, కాల్ ఆఫ్ కథూలూ ఏడవ ఎడిషన్, ట్రావెలర్, గర్ప్స్ రెండు సంపుటాలు, ఫేట్ కోర్, అపోకలిప్స్ వరల్డ్, బ్లేడ్స్ ఇన్ ది డార్క్, పెన్‌డ్రాగన్, ఫియాస్కో, మైక్రోస్కోప్, ది క్వైట్ ఇయర్. ఇవి కాక అచ్చు తీయించుకున్న చిన్న పుస్తకాలు కొన్ని ఉన్నాయి గాని, వాటికి ఒక ఫైలు చాలు.

మా బృందం సంగతి చెప్పకపోతే సలహా ఇవ్వడం కష్టం. ఇద్దరు బడిపంతుళ్లు, డిగ్రీ చదివే మా పిన్ని కొడుకు, పైడిభీమవరంలో మందుల కర్మాగారంలో షిఫ్టుల మీద పనిచేసే ఒకాయన, నేను. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు ఆడతాము; షిఫ్టు మారిన వారం ఆయన రాలేరు. ఆట మొత్తం తెలుగులోనే నడుస్తుంది. నేను తప్ప ఎవరూ ఏ రూల్‌బుక్కునూ మొదటి నుంచి చివరి దాకా చదవలేదు, చదువుతారని ఆశించడమూ న్యాయం కాదు. దాదాపు ప్రతిసారీ కథను నడిపి నియమాలు చూసుకునే గేమ్ మాస్టర్‌ను నేనే.

ఈ పరిస్థితిలో మీరైతే ఏ అయిదు ఉంచుకుంటారు, ఎందుకు? అన్నీ మంచివే, మనసుకు నచ్చినవి ఉంచుకోండి అనే సమాధానం మాత్రం దయచేసి ఇవ్వవద్దు.


కోట జంక్షన్ (విజయనగరం):

అరసవల్లి రోడ్డు గారూ, ముందుగా చట్టబద్ధంగా ఉచితంగా దొరికేవాటిని పక్కన పెట్టండి, సగం పని తీరిపోతుంది. పాత్‌ఫైండర్ నియమాలన్నీ ప్రచురణకర్తల అనుమతితోనే ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే వెబ్‌సైటులో ఉన్నాయి. పైగా మీ దగ్గర ఉన్నది 2019 నాటి 640 పేజీల గ్రంథం అయితే, 2023లో మొదలైన రీమాస్టర్‌లో ఆ నియమాలను సవరించి వేరే పుస్తకాలుగా తెచ్చారు. ఫేట్ నియమాలు ఎవరైనా ఉచితంగా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. గర్ప్స్‌కు 32 పేజీల లైట్ సంచిక ఉచితం. గర్ప్స్ రెండు సంపుటాలను నేను చాలా గౌరవిస్తాను, కాని ఆ ఆటలో ఏ నియమాలు వాడాలి, ఏవి వదిలేయాలి అన్న ఎంపికే గేమ్ మాస్టర్‌కు ఒక ఉద్యోగం. అన్నీ మీరే నడిపే బృందంలో ఆ బరువు కూడా మీ మీదే పడుతుంది.

తరువాత, మిగిలినవాటిలో ప్రతి ఆటా అరలోని మరే ఆటా చేయలేని పని చేస్తోందా అని చూడండి. దానికన్నా ముఖ్యమైన పరీక్ష మరొకటి ఉంది. పుస్తకం చదివినవారు ఒక్కరే ఉన్నప్పుడు, ఆ ఒక్కరు తెలుగులో పది నిమిషాలు చెబితే మిగతావారు ఆడగలరా? ఆ పరీక్షలో నెగ్గని ఆట ఎంత గొప్పదైనా మీ అరలో అలంకారంగా మిగిలిపోతుంది.

ఈ రెండు విధాలా చూసినా ముందు వరుసలో నిలిచేది కాల్ ఆఫ్ కథూలూ. శాండీ పీటర్సన్ రాసిన ఈ భయానక కథల ఆట 1981లో వచ్చింది, దాని మూల సూత్రం ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు. మీ పాత్రకు లైబ్రరీలో వెతికే నైపుణ్యం 60 ఉంటే నూటికి 60 పాళ్లు ఫలిస్తుంది, అంతే. పని కష్టమైనదైతే ఆ అంకెలో సగం, మరీ కష్టమైతే అయిదో వంతు. మార్కుల శాతాలతో పెరిగిన మనవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. విఫలమైనప్పుడు, ఈసారి కూడా తప్పితే జరిగే కీడును ముందే ఒప్పుకుని పాచికలను మరోసారి వేయవచ్చు. ఈ ఒక్క నియమం చుట్టూ బల్ల దగ్గర జరిగే తర్జనభర్జనలు చాలాసార్లు కథకన్నా రసవత్తరంగా ఉంటాయి. ఒకేసారి అయిదు గాని అంతకుమించి గాని మనోనిబ్బరం పాయింట్లు పోతే పాత్ర తాత్కాలికంగా మతి తప్పే ప్రమాదం ఉంది. ఎదురుగా ఉన్న ఘోరాన్ని తెలివిగా అర్థం చేసుకున్న పాత్రకే ఆ ప్రమాదం ఎక్కువ కావడం ఈ ఆటలోని గొప్ప చమత్కారమని నా అభిప్రాయం.

ఆట సహజంగా 1920ల అమెరికాలో జరుగుతుంది, కాని మీరు అక్కడికి పోనవసరం లేదు. వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్థలాన్ని గిడుగు రామమూర్తి గారు 1919లో వెలుగులోకి తెచ్చారు. కళింగపట్నం రేవు, దీపస్తంభం అక్కడికి దగ్గరే. ఆ కాలంలో ఒక బడిపంతులు, ఒక రేవు గుమాస్తా, ఒక వైద్యుడు కలిసి ఆ దిబ్బల మీద ఏదో చూడకూడనిది చూశారంటే కథ దానంతట అదే నడుస్తుంది.


బొబ్బిలి పాచిక (బొబ్బిలి):

కోట జంక్షన్ గారి పది నిమిషాల పరీక్షతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, ఉచితంగా దొరికేవాటిని పక్కన పెట్టమన్నదానితో మాత్రం కాదు. నియమాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి కాబట్టి పుస్తకం వద్దనడం ఇంట్లో కూర్చుని చదువుకునేటప్పుడు సరిపోతుంది. ఆట మధ్యలో ఒక సందేహం వచ్చి అందరూ ఎవరి ఫోను వారు తీశారంటే, తిరిగి కథలోకి రావడానికి పావుగంట పడుతుంది. అయినా పాత్‌ఫైండర్‌ను వదిలేయమనే నేనూ అంటాను, కాకపోతే నా కారణం వేరు. మీ మూడు గంటల్లో ఆ ఆటలో ఒక పోరాటం, కొంచెం కథ జరుగుతాయి. షిఫ్టుల మీద వచ్చే ఆటగాడికి రెండు వారాల తరువాత ఆ నియమాలు గుర్తుండవు.

నేను గట్టిగా సిఫారసు చేసేది పెన్‌డ్రాగన్. గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో తెచ్చిన ఈ ఆటలో మీరు ఆర్థర్ రాజు కాలపు వీరులు. సాధారణంగా ఒక పూట ఆటలో ఒక సంవత్సరం గడిచిపోతుంది. వేసవిలో సాహసం, ఆ తరువాత శీతాకాల దశలో ఎస్టేటు లెక్కలు, పెళ్లి, పిల్లలు, వయసు మీద పడడం. ముప్ఫై అయిదు నిండితే శరీరం తరిగిపోవడం మొదలవుతుంది, చివరికి కొడుకో కూతురో మీ స్థానంలోకి వస్తారు. దీని కోసం ఆయనే రాసిన మహా క్యాంపెయిన్ (ఎన్నో పూటల పాటు సాగే ఒకే కథ) క్రీ.శ. 485 నుంచి 566 వరకు సాగుతుంది, అంటే మీరు మొదలుపెట్టిన పాత్ర మనవడు ముగింపు చూస్తాడు.

అసలు విశేషం గుణాలలో ఉంది. పదమూడు జతల గుణాలు ఉంటాయి, ఒక్కో జత మొత్తం ఇరవై. దయ పద్నాలుగు అయితే క్రౌర్యం ఆరు. ఒక గుణం పదహారు గాని అంతకుమించి గాని ఉంటే అది లోకప్రసిద్ధం అవుతుంది, అప్పుడు మీ వీరుడు ఏం చేస్తాడన్నది ఒక్కోసారి మీ చేతిలో ఉండదు, పాచిక చెబుతుంది. వీటికి తోడు ప్రభుభక్తి, కుటుంబ ప్రేమ, పగ వంటి ఆవేశాలకు కూడా అంకెలు ఉంటాయి. 1757 జనవరి 24న మా ఊరి కోట దగ్గర జరిగినది చిన్నప్పటి నుంచి జంగం కథల్లో విన్నవాళ్లకు ఈ నియమాలు కొత్తగా తోచవు. బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు పంతం, కోట లోపలి వారి నిర్ణయం, చివరికి తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి చొరబడడం, ఇవన్నీ ఆవేశాల అంకెలు తారస్థాయికి చేరినప్పుడు జరిగే పనులే. నేను ఆర్థర్‌ను తీసేసి బొబ్బిలి పెట్టమని చెప్పడం లేదు. ఆ ఆట దాని దేశంలో, దాని కాలంలోనే అందంగా ఉంటుంది. మన బల్ల దగ్గరి వాళ్లు దానిలోకి ఎంత తొందరగా ప్రవేశిస్తారో చెబుతున్నాను. అర్థం చేసుకోవడానికి ఒక్క ఇరవై ముఖాల పాచిక చాలు: నైపుణ్యపు అంకెకు సమానంగా గాని తక్కువగా గాని పడితే నెగ్గినట్టు, సరిగ్గా అదే అంకె పడితే అద్భుతం.


ఉద్దానం కుర్రోడు (సోంపేట):

అక్కా, మీరు ప్రతివారం మీరే నడుపుతున్నారన్న మాట పెద్దవాళ్లిద్దరూ పట్టించుకోలేదు. గేమ్ మాస్టర్ అవసరం లేని ఆట ఒక్కటైనా ఉంచుకోండి. మీ దగ్గర అలాంటివి మూడు ఉన్నాయి, వాటిలో నేనైతే ది క్వైట్ ఇయర్‌కే ఓటు వేస్తాను.

ఏవరీ ఆల్డర్ 2013లో తెచ్చిన ఈ ఆటకు కావలసింది ఒక పేకల కట్ట, ఒక తెల్ల కాగితం, కొన్ని మామూలు పాచికలు. నాగరికత కూలిపోయిన తరువాత ఒక సమాజానికి ఒక ప్రశాంతమైన ఏడాది దక్కుతుంది, ఒక్కో ముక్క ఒక్కో వారం. ఆఠీను వసంతం, డైమన్ వేసవి, కళావరు ఆకురాలు కాలం, ఇస్పేటు శీతాకాలం. ఇస్పేటు రాజు పడిన క్షణాన ఆట ఆగిపోతుంది, ఆ రాజు కట్టలో ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు. ప్రతి వంతులో ముక్క చెప్పిన సంగతి జరుగుతుంది, మొదలుపెట్టిన పనుల మీద ఉన్న పాచికలు ఒక్కో అంకె తగ్గుతాయి, ఆ తరువాత మీరు కొత్తది కనుగొనవచ్చు, పని మొదలుపెట్టవచ్చు, లేదా చర్చ పెట్టవచ్చు. ఆ చర్చలో ప్రతి ఒక్కరూ ఒక్కసారే మాట్లాడాలి, తీర్మానం ఉండదు. మా ఊరి గ్రామసభలు చూసినవాడిగా చెబుతున్నాను, ఇంత నిజాయితీగల నియమం నేను మరే ఆటలోనూ చూడలేదు.

పుస్తకంలో చివరికి వచ్చేవారు మంచు కాపరులు. మంచు మాకు తెలియని సంగతి కాబట్టి మేము ఆ స్థానంలో తుఫానును పెట్టుకున్నాము. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు పడిపోవడం చూసినవాళ్లు బల్ల చుట్టూ కూర్చుంటే, ఏడాది చివర గాలి వస్తుందని తెలిసి కూడా ఊరివాళ్లు దేని కోసం కొట్లాడుకుంటారో కాగితం మీద బొమ్మగా కనబడింది.

ఫియాస్కో కూడా గేమ్ మాస్టర్ లేనిదే, ఒక్క పూటలో అయిపోతుంది, పిచ్చి నవ్వు తెప్పిస్తుంది. కాని ఆశ ఎక్కువ, అదుపు తక్కువ ఉన్న మనుషులు ఎలా మునిగిపోతారో అన్న ఒకే రకం కథకు అది పనికివస్తుంది, అందుకే రెండో స్థానం. మైక్రోస్కోప్ నాకు కొంచెం పొడిగా అనిపిస్తుంది.


అరసవల్లి రోడ్డు (శ్రీకాకుళం):

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఉద్దానం తమ్ముడి మాట సూటిగా తగిలింది, ది క్వైట్ ఇయర్ ఉంటుంది. కాల్ ఆఫ్ కథూలూ మీద అభ్యంతరం చెప్పేవారు ఎవరూ లేరని అర్థమవుతోంది.

ఇప్పుడు నాకు మిగిలిన చిక్కులు రెండు. మొదటిది, మా పిన్ని కొడుకు, వాడి స్నేహితులు అడిగేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ మాత్రమే. పేరు విని వచ్చేవారిని ఆ పేరుతోనే కూర్చోబెట్టాలి కదా. మూడు లావుపాటి పుస్తకాలూ ఉంచాలా? రెండవది, అపోకలిప్స్ వరల్డ్, బ్లేడ్స్ ఇన్ ది డార్క్ రెండూ ఒకే కుటుంబానికి చెందినవని అంటారు. రెండింటిలో ఒకటి పోవాలంటే ఏది పోవాలి?


కోట జంక్షన్ (విజయనగరం):

రెండవ చిక్కుతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో చెప్పవలసింది ఎక్కువ.

విన్సెంట్ బేకర్, మెగ్వే బేకర్ దంపతుల అపోకలిప్స్ వరల్డ్ 2010లో వచ్చింది. రెండు ఆరు ముఖాల పాచికలు వేసి పాత్ర అంకెను కలపాలి. పది గాని అంతకుమించి గాని అయితే కోరింది దక్కుతుంది, ఏడు నుంచి తొమ్మిది వరకు అయితే దక్కుతుంది గాని ఏదో చెల్లించాలి, ఆరు లేదా తక్కువ అయితే గేమ్ మాస్టర్‌కు కథను కష్టం వైపు తిప్పే హక్కు వస్తుంది. ఆ మధ్యమ ఫలితమే తరువాతి తరం ఆటలన్నిటికీ విత్తనం. దాని ప్రభావం ఎంతగా వ్యాపించిందంటే, ఆ పుస్తకం నేర్పేది మీరు ఇప్పటికే సగం నేర్చుకుని ఉంటారు. గేమ్ మాస్టర్‌గా ఎలా నడుచుకోవాలో చెప్పే అధ్యాయాలు మాత్రం ఒక్కసారైనా చదవవలసినవి. ఇచ్చేసే ముందు వాటి మీద నోట్సు రాసుకోండి.

జాన్ హార్పర్ 2017లో అచ్చు వేయించిన బ్లేడ్స్ ఇన్ ది డార్క్ అదే విత్తనం నుంచి వచ్చి వేరే చెట్టయింది. నైపుణ్యాన్ని బట్టి కొన్ని ఆరు ముఖాల పాచికలు తీసుకుంటారు, వాటిలో పెద్ద అంకె ఒక్కటే లెక్క. ఆరు పడితే పూర్తి విజయం, నాలుగు అయిదు పడితే మూల్యంతో విజయం, మూడు లేదా తక్కువ అయితే కీడు. ఈ ఆట మీ బృందానికి నప్పే కారణాలు పాచికల లెక్కకు బయట ఉన్నాయి. ఇది ఒక దొంగల ముఠా కథ కాబట్టి క్యాంపెయిన్ ముఠాది, వ్యక్తిది కాదు. పైడిభీమవరం నుంచి రాలేని ఆటగాడి పాత్ర ఆ వారం ఏదో పని మీద బయటకు పోయిందని ఒక్క వాక్యంలో తేలిపోతుంది. దోపిడీకి ముందు గంటసేపు పథకం వేసుకునే అలవాటు తెలుగు బృందాల్లో మరీ ఎక్కువ, మూడు గంటలూ అందులోనే కరిగిపోయిన ఆదివారాలు నేను చూశాను. బ్లేడ్స్‌లో పథకం ఏ రకమో చెప్పి ఒక్కసారి పాచికలు వేసి నేరుగా పనిలోకి దిగుతారు. ముందే చేసుండవలసిన ఏర్పాటును ఒత్తిడి పాయింట్లు చెల్లించి గతంలోకి వెళ్లి చూపించవచ్చు. కాపలావాడికి నిన్ననే లంచం ఇచ్చామని ఆట మధ్యలో చెప్పి నెగ్గించుకోవచ్చు. ప్రమాదాలను నాలుగు, ఆరు, ఎనిమిది భాగాల గడియారాలుగా గీసి నింపుతూ పోవడం వల్ల భాషతో పని లేకుండా అందరికీ పరిస్థితి కనబడుతుంది. పైగా కావలసిన పాచికలు ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతాయి. ఉంచవలసింది ఇదే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు మూడూ అక్కరలేదు, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఒక్కటి చాలు. 2023 జనవరిలో లైసెన్సు మీద వచ్చిన గొడవ తరువాత ప్రచురణకర్తలు 5.1 మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు, వాటిలో మీకు కావలసిన రాక్షసులు చాలావరకు ఉన్నారు. ఆ ఉచిత నియమాల్లో ప్రతి వర్గానికి (యోధుడు, మాంత్రికుడు వంటి పాత్ర రకానికి) ఒకే ఉపవర్గం ఉంటుంది కాబట్టి ఆటగాళ్ల పుస్తకం మాత్రం అవసరం. 2024 సవరణ కొనమని ఎవరైనా అంటే ఇప్పుడు తొందరపడకండి. మీ కుర్రాళ్లకు పాతదానితో లోటు లేదు.


చీపురుపల్లి స్టేషన్ (విజయనగరం జిల్లా):

ఎవరూ ట్రావెలర్ ఊసెత్తకపోవడం అన్యాయం. మార్క్ మిల్లర్ 1977లో తెచ్చిన ఆ ఆటలో పాత్రను తయారు చేయడమే ఒక పూట వినోదం. నాలుగేళ్ల చొప్పున నౌకాదళంలోనో వ్యాపారంలోనో ఉద్యోగం చేస్తూ పోతారు, ప్రతి దఫాకూ బతికి బయటపడ్డారా అని పాచికలు వేయాలి. మొదటి ఎడిషన్‌లో ఆట మొదలు కాకముందే పాత్ర చచ్చిపోవచ్చు. ఈమధ్యవాటిలో ప్రాణం పోదు గాని ఉద్యోగం ఊడిపోతుంది. ఆ తరువాత అన్నిటికీ రెండు పాచికలు, ఎనిమిది గాని అంతకుమించి గాని పడితే నెగ్గినట్టు, పంతుళ్లకు పది నిమిషాలు కూడా అక్కరలేదు. అంతరిక్షం పేరు చెప్పి భయపడేవారికి ఓడ మీద తీసుకున్న అప్పు వాయిదా ఎలా కట్టాలన్నదే ఇందులో ప్రధాన సమస్య అని చెప్పండి, వెంటనే కూర్చుంటారు.


అరసవల్లి రోడ్డు (శ్రీకాకుళం):

మా వాళ్లతో కూడా మాట్లాడాను. కాల్ ఆఫ్ కథూలూ, ది క్వైట్ ఇయర్, బ్లేడ్స్ ఇన్ ది డార్క్, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అరలోకి వెళ్తాయి. పాత్‌ఫైండర్, గర్ప్స్, ఫేట్, అపోకలిప్స్ వరల్డ్, మైక్రోస్కోప్, మిగిలిన రెండు డంజన్స్ గ్రంథాలు ఈ రెండు జిల్లాల్లో ఆడేవారెవరైనా వచ్చి తీసుకోవచ్చు. ధర ఏమీ లేదు, అయితే ఒక బృందం ఉండి ఆడుతున్నామని చెప్పగలిగినవారికే ఇస్తాను. ఫియాస్కోను ఉద్దానం తమ్ముడికి పక్కన పెట్టాను.

అయిదవ చోటు పెన్‌డ్రాగన్‌కా ట్రావెలర్‌కా అన్నది మా బృందం రెండుగా చీలిపోయిన విషయం. పంతుళ్లిద్దరూ ట్రావెలర్ అంటున్నారు, అప్పు వాయిదా మాట వాళ్లకు బాగా నచ్చింది. రెండూ ఆడి చూసి తేల్చుకుందామని నిర్ణయించాము. ట్రావెలర్ నేను నడుపుతాను. పెన్‌డ్రాగన్ మాత్రం నేను చదివానే గాని నడపలేదు. బొబ్బిలి పాచిక గారికి వీలుంటే ఒక ఆదివారం వచ్చి నడిపి చూపిస్తారా?


బొబ్బిలి పాచిక (బొబ్బిలి):

తప్పక వస్తాను, రాజాం మీదుగా పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి అందుకుంటాను. ఒక్క షరతు ఉంది, ఒక ఆదివారం చాలదు. శీతాకాల దశ దాటి రెండవ సంవత్సరంలోకి అడుగుపెట్టిన తరువాతే ఆ ఆట ఏమిటో తెలుస్తుంది, కాబట్టి వరుసగా రెండు ఆదివారాలు అనుకోండి. పైడిభీమవరం ఆయన రాలేని వారం ఆయన వీరుడు కోట కాపలాలో ఉండిపోయాడని నియమాల ప్రకారమే చెప్పుకోవచ్చు. పాత్రలు ముందే సిద్ధం చేయవద్దు, తాతగారి చరిత్రతో సహా అక్కడే తయారు చేద్దాం. మీరు పుస్తకం, మనిషికొక ఇరవై ముఖాల పాచిక, దెబ్బల లెక్కకు కొన్ని ఆరు ముఖాల పాచికలు బల్ల మీద పెట్టండి. గుణాల పట్టికను నేను తెలుగులో రాసి తెస్తాను.